రెక్కలు కోసిన పుణ్యం

పుణ్యం కోసం పంజరం తలుపు తీసే ముందు, ఆ చిలుక రెక్క ఒక్కసారైనా విప్పి చూశారా మీరు?

తొంభైల చివర్లో పటమటలో మా మేనత్త ఇంటి వరండాలో ఒక రామచిలుక ఉండేది. ఎర్రటి ముక్కు, మెడ చుట్టూ గులాబీ పట్టీ, నీలం కలిసిన పొడవాటి తోక. కొండపల్లి అడవిలో చెట్టు తొర్రలోంచి తీసిన పిల్ల అని అమ్మినవాడు గొప్పగా చెప్పాడట. ఆ తొర్రలో ఏముంటుందో ఎవరూ అడగలేదు. చిలుక పుల్లలు పేర్చి గూడు కట్టదు. తొర్ర అడుగున చెక్కపొట్టు మీదే గుడ్లు పెట్టి పొదుగుతుంది. మగపక్షి తాను తిన్నది కక్కి, పొదిగే ఆడపక్షి నోటికి అందిస్తుంది. పిల్లలు ఒంటిమీద ఈక లేకుండా, కళ్లు తెరవకుండా పుడతాయి. ఆ తొర్రలోకి చెయ్యి దూర్చి లాగడాన్నే మనం చిలుకను తెచ్చుకోవడం అంటాం.

అత్తయ్య దానికి రోజూ పచ్చిమిరపకాయ పెట్టేది. "కారం తింటే నాలిక పదునెక్కుద్దిరా, మాటలొస్తాయి," అనేది. పక్షులకు మిరపకారం తెలియదని చెప్పాను.

"అది నీకు చెప్పిందా?" అని నవ్వింది.

మాటలు మాత్రం వచ్చాయి. రామనామం కాదు, గేటు చప్పుడైతే అత్తయ్య వేసే కేక: "ఎవరండీ?" అచ్చం ఆవిడ గొంతే. పాలవాడు చాలాసార్లు చిలుకకే జవాబు చెప్పి నిలబడేవాడు. అడవిలో చిలుకలు గుంపుగా బతుకుతాయి. తోటివాటి కూతలు నేర్చుకుని, కనపడకుండా పోయినప్పుడు ఆ కూతతోనే పిలుచుకుంటాయి. ఈ చిలుకకు తోటివాళ్లం మేమే. అది "ఎవరండీ" అంటే ఇంట్లో ఎవరో ఒకరు పలికేవాళ్లం.

ఎగిరిపోకుండా మామయ్య దాని రెక్కల ఈకలు కత్తెరతో కోసేవాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆయనకు మంగళగిరి చీరల దుకాణం. ఆ ఏడు బేరాలు పడిపోయాయి. జాతకాలు చూసే ఆయన ఇంటికొచ్చి, పంజరం చూసి కారణం కనిపెట్టాడు.

"ప్రాణిని బంధించారు కదండీ, మీ వ్యాపారమూ బంధంలో పడింది. అమావాస్యలోపు వదిలేయండి."

మామయ్య దుకాణం పక్కనే ఇంకొకరు కొత్తది తెరిచి తక్కువకు అమ్ముతున్న సంగతి ఆయన గ్రహాలకు అందలేదు.

వదలొద్దని నేను అనలేదు. గడువు అడిగాను. కోసిన ఈక మన గోరులా పెరగదు. కోయగా మిగిలిన మొదలు రాలిపోయి, దాని చోట కొత్తది మొలవాలి. దానికి నెలలు పడతాయి.

"అప్పటిదాకా కత్తెర ముట్టకండి మామయ్యా. ఎగరడం వచ్చాక వదులుదాం."

"అప్పటికి దుకాణం ఉండాలిగా."

"ఇప్పుడు వదిలితే చచ్చిపోద్ది మామయ్యా."

"నీ నాస్తికం నీ దగ్గర పెట్టుకో. దేవుడిచ్చిన రెక్కలవి. ఎగరకేం చేస్తాయి?"

దేవుడిచ్చిన వాటిని మీరే కోశారు కదా అన్నాను. "ఉపన్యాసం అయిందా? జరుగు," అంటూ అత్తయ్య హారతి పళ్లెం తెచ్చింది.

చిలుకకు బొట్టు పెట్టారు. డాబా మీద పంజరం తలుపు తీశారు. అది బయటకు రాలేదు. మామయ్య దాన్ని లాగి, రెండు చేతులా పైకి విసిరాడు. అది రెక్కలు టపటపలాడించింది. గాలిని పట్టే ఈకలు వాటిలో లేవు. పక్కింటి రేకుల మీద పడి, జారి, ప్రహరీ అవతల ఖాళీ స్థలంలో పడింది. నేను మెట్లు దిగి గోడ దగ్గరకు వెళ్లేసరికి కాకులు వాలాయి. ఒకటి తోక పట్టి లాగింది, ఇంకొకటి కన్ను పొడిచింది.

"ఎవరండీ," అంది చిలుక, అత్తయ్య గొంతుతో. మళ్లీ, "ఎవరండీ."

డాబా మీద నుంచి ఎవరూ పలకలేదు. గోడ దూకి కాకులను తోలేసరికి దాని పొట్ట చీలిపోయింది.

తువ్వాలులో తెచ్చి చూపిస్తే అత్తయ్య చెంపలు వేసుకుంది. "మన దోషమంతా అదే మోసుకుపోయింది పాపం," అంది. మామయ్య స్నానానికి నీళ్లు పెట్టమన్నాడు.

కొద్దిరోజులకు వరండాలో ఇంకో పంజరం వేలాడింది. మొదటిది ఎగరలేదు కాబట్టి లెక్కలోకి రాదని జాతకాలాయన తేల్చాడట. వదలడానికే కొన్న ఆ కొత్త చిలుకకు అమ్మినవాడే ముందుగా రెక్కలు కోసి ఇచ్చాడు.

పెంచడానికి కొన్నా, వదలడానికి కొన్నా ఆ తొర్రలో దూరేది మీ చెయ్యే. కొనకండి. ఇప్పటికే మీ ఇంట్లో ఒకటి ఉంటే, చదవడం ఆపి వెళ్లి దాని రెక్క విప్పి చూడండి. కోసి ఉంటే తలుపు తీయకండి. ఆ కత్తెర పారేసి, చిలుకను అటవీ శాఖవాళ్లకు అప్పగించండి.