ఎర్ర చొక్కాల జట్టు

హోసూరు అంగళ్ళలో సందెవేళ సాంబ్రాణి పొగ వేస్తుంటే నాకొక ఫుట్‌బాల్ ఆట గుర్తొస్తుంది. చిన్నప్పుడు కృష్ణగిరిలో మాకు బట్టల అంగడి ఉండేది. దీపం పెట్టే వేళ నాయన అంగడి వదలడం నేనెరగను. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి, టీవీ ముందు నా పక్కన కూర్చున్నాడు. ఏవో రెండు యూరప్ దేశాలు ఆడుతున్నాయి. ఎర్ర చొక్కాలవాళ్ళు ఓడిపోగానే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"మళ్ళా గెలుస్తార్లే నాయనా," అన్నాను.

"యాడ గెలిచేదమ్మా," అన్నాడు.

ఆయన కోసం ఏళ్ళ తరబడి ఆ జట్టు గెలవాలని మొక్కుకున్నాను. గెలిచిన రోజు పరుగున పోయి చెబితే, "ఎవరమ్మా వాళ్ళు?" అన్నాడు.

అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "మీ నాయన నీ పక్కన కూర్చోని ఆట చూసింది, అంగడి అమ్మేసి, బీగాలు ఇచ్చి వచ్చిన దినం," అంది.

ఆ సందెకు అంగట్లో దీపం ఎవరు పెట్టారో నేను అడగలేదు.