ఎర్రగుడ్డ ఊగితే దిగొద్దు

నా మొగుడికి నాకంటే పావురాలంటేనే ఎక్కువ ప్రేమ అని మా గల్లీలో అందరూ అనేవాళ్లు. నేనూ అనేదాన్ని. పొద్దంతా బీడీలు చుట్టి నా వేళ్లు కాయలు కాస్తే చూడని మనిషి, పావురం కాలి గోరు విరిగితే మాత్రం పసుపూ నూనే పట్టుకుని దాని ముందు కూర్చునేవాడు. నాకు ఒళ్లు మండేది. మేడెక్కి నాలుగు తిట్టి దిగేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పోయిన వానాకాలంలో ఆ నవ్వు ఆగిపోయింది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. మా ఇంటి కింది గదిలోనే పవర్‌లూములు ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ నూలు దుమ్ములో బతికిన మనిషి. డాక్టరు ఛాతీ ఫోటో చూసి, మగ్గం మానమంటే ఎలాగూ మానరు, పావురాలైనా మానండి అన్నాడు. గూట్లో రెట్ట ఎండి లేచే పొడి ఈ ఊపిరితిత్తులకు విషమన్నాడు. ఆయన తల ఊపాడు. ఇంటికొచ్చి నేరుగా మేడెక్కి గూడు ఊడ్చాడు.

ఆ రోజు నేను పెట్టిన లొల్లికి మగ్గాల చప్పుడు కూడా చిన్నబోయింది. చివరికి ఆయనే ఒక మాటకొచ్చాడు.

"ఇగో, ఈసారి పావురం పిల్లలు ఆరు. ఊరవతల హోట్గి రోడ్ల ఇడిస్తే ఆరుకు ఆరు ఇల్లు చేరాలె. చేరినయా, నా గూడు జోలికి రావొద్దు. ఒక్కటి తప్పినా మొత్తం గూడు అశోక్ చౌక్ కాడి పావురాలాయనకు ఇచ్చేస్త. మల్ల ఆ ముచ్చటనే ఎత్తను."

నేను వెంటనే సరే అన్నాను. కొత్త పిల్లలు అంత దూరం నుంచి అన్నీ తిరిగొచ్చింది మా మేడ మీద ఎప్పుడూ లేదు. ఎప్పుడూ ఒకటో రెండో పోయేవి. అంటే గెలిచేది నేనే. పైగా ఆయన మాటంటే మాట. మొండితనంలో కూడా కొంత మంచి ఉంటుంది.

పిల్లలకు ఇల్లు నేర్పడం ఓపికతో కూడిన పని. ముందు జాలీ పెట్టెలో మేడ మీద ఉంచి చుట్టుపక్కల చూడనిస్తాడు. తర్వాత ఆకలి మీద వదిలి, డబ్బాలో జొన్నలు గలగలలాడిస్తే దిగడం నేర్పుతాడు. అన్నిటికంటే ముఖ్యమైనది జెండా. పొడుగాటి వెదురు కర్రకు మా మగ్గాల మీద నేసే ఎర్ర చద్దర్ దుప్పటి ముక్క కట్టి ఊపుతాడు. ఎర్రగుడ్డ ఊగితే దిగొద్దు, ఎగరాలి. గుడ్డ కిందికి వాలితేనే దిగాలి. కొత్త పిల్లలు పక్క మేడల మీద దిగడం మరిగితే ఇక చేతికి రావు, అందుకని ఆ పాఠం మాత్రం గట్టిగా చెప్తాడు. ఈ ఆరూ తొందరగా నేర్చుకున్నాయి. దగ్గర్లోని జోడ్‌భావి పేట్‌లో వదిలితే బుట్ట పట్టుకుపోయిన ఆయన కంటే ముందే ఇల్లు చేరాయి. నాకు కొంచెం గుబులైంది.

హోట్గి రోడ్డుకు బుట్ట నేనే తీసుకుపోయాను. ఆయనకు అంత దూరం పోయే ఊపిరి లేదు, వేరేవాళ్ల మీద నమ్మకం లేదు. షేరింగ్ ఆటోలో ఒళ్లో బుట్ట పెట్టుకుంటే అవి లోపల గురగురమంటూ నా తొడలకు వెచ్చగా తగిలాయి. కాలనీలు దాటాక ఖాళీ జాగాలో మూత తీశాను. ఆరూ ఒక్కసారే లేచాయి. ఫోన్ చేసి "ఇడిసిన" అని చెప్పాను. మనసులో మాత్రం, తల్లీ, ఒక్కటి దారి తప్పితే చాలు, ఎవరి మేడ మీదో హాయిగా బతకనీ అని మొక్కుకున్నాను.

తిరిగొచ్చి గల్లీ మొదట్లో ఆటో దిగి తలెత్తి చూశాను. ఆరూ మా ఇంటి మీదే ఉన్నాయి. తిరుగుతున్నాయి. ఓడిపోయాననుకున్నాను. కానీ అవి దిగడం లేదు. కిందికి వస్తున్నాయి, మేడ అంచు దాకా వచ్చి, ఉలిక్కిపడ్డట్టు మళ్లీ పైకి లేస్తున్నాయి.

అప్పుడు చూశాను మేడలను. దసరా ఘటం కూర్చోబెట్టే ముందు మా దగ్గర ప్రతి ఇంట్లో పరుపుల మీది గుడ్డలన్నీ ఉతికి తీరాలి. పొద్దున్నే నేను పోయేటప్పుడు మేడలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు గల్లీ గల్లీ అంతా ఆరేసింది. బట్టలు నేసే సాలోళ్ల ఇళ్లు కదా, ఎవరింట్లో చూసినా అమ్ముడుపోని డ్యామేజీ చద్దర్లు దొంతులకు దొంతులు. అన్నీ ఎర్రవే. గాలికి మేడ మేడ మీదా ఊగుతున్నాయి. ఆయన ఒక జెండాతో నేర్పిన పాఠాన్ని ఇప్పుడు వాడంతా కలిసి చెప్తోంది.

పరుగున మేడెక్కాను. ఆయన జెండాను చుట్టి దాని మీదే కూర్చుని జొన్నల డబ్బా కొడుతున్నాడు. మొహం చెమటతో తడిసింది.

"దిగుతలేవే," అన్నాడు. "ఎప్పటి సంది తిరుగుతున్నయో. రెక్కలు ఆగిపోతయి."

నోరు మూసుకుని నిలబడితే చాలు. ఇంకాసేపటికి అలిసిపోయి ఎక్కడో ఒకటి పడుతుంది. ఈ గూడు పోతుంది, ఈ మనిషి బతుకుతాడు. నేను ఇంతకాలం అడిగింది అదే కదా.

ఆయన లేచి పక్క మేడ గోడ ఎక్కబోయాడు, చద్దర్లు లాగెయ్యాలని. కాలు సగం లేచిందో లేదో దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయాడు. పెదవులు నల్లబడ్డాయి. ఒక చెయ్యి మాత్రం ఇంకా డబ్బా కొడుతూనే ఉంది. నాకు చెప్పలేనంత భయమేసింది. ఆయన్ని గోడ కిందే కూర్చోబెట్టి, గోడ నేను దూకాను.

పక్కింటి వదినకూ నాకూ మాటల్లేవు. ఆమె వడియాల మీద మా పావురాలు చేసిన పనికి నన్ను అనరాని మాటలంది, నేనూ తక్కువ తినలేదు. ఆమె ఇంకో చద్దర్ పిండుతూ నన్ను చూసి నడుముకు చెయ్యి పెట్టుకుంది.

"వదినా, నీ కాళ్లు మొక్కుత. ఇవి జర తీయి. పావురాలు దిగుతలేవు."

"ఏంది? పొద్దుగాల నుంచి నడుము ఇరిగేటట్టు ఉతికిన. ఇప్పుడు తీయాల్నా? ఇన్నేండ్ల సంది మా నెత్తి మీదనే దిగినయి గదా, ఇయ్యాల ఏం రోగమొచ్చిందట?"

సమాధానం చెప్పేలోపే పైన పావురాల గుంపు చెల్లాచెదురైంది. డేగ. నీళ్ల ట్యాంకు పక్క నుంచి చడీచప్పుడు లేకుండా వచ్చింది. వదిన అటు చూసింది, ఇటు గోడ కింద ఆయన్ని చూసింది.

"అగా బాయి!" అని రెండు చేతులతో తాడు మీది చద్దర్లు లాగి పడేసింది. ఆ తర్వాత తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి గల్లీ అదిరేటట్టు అరిచింది. "ఓ చిన్నమ్మా! ఓ పోరీ! చద్దర్లు తీయుండ్రి! చాదరీ కాఢా గ, లవ్‌కర్!"

ఒక మేడ, దాని పక్క మేడ, ఆ తర్వాతది. ఆడవాళ్లు ఎందుకని అడగలేదు. డేగ అందరికీ కనిపిస్తూనే ఉంది. ఉతికిన చద్దర్లన్నీ దుమ్ములో కుప్పలుగా పడ్డాయి. ఎర్ర రంగు పోయి మేడలు బోడిగా బయటపడ్డాయి.

ముందు ఒకటి రాయిలా వచ్చి గూటి మీద పడింది. వెనకే రెండు. తర్వాత ఇంకో రెండు, నోళ్లు తెరుచుకుని, రెక్కలు ఈడ్చుకుంటూ. బూడిద రంగుది మాత్రం ట్యాంకు వెనక్కి పోయింది. డేగా అటే పోయింది. కాసేపటికి డేగ ఒక్కటే కనిపించింది.

చీకటి పడేదాకా ఆయన గూటి తలుపు మూయలేదు. మూసేటప్పుడు నా వైపు చూడకుండా, "గెలిచినవ్," అన్నాడు. సంతోషం వస్తుందనుకున్నాను. ఏడుపొచ్చింది. డేగ మీద, డాక్టరు మీద, ఆ ముదనష్టపు చద్దర్ల మీద కోపమొచ్చింది.

తెల్లారి అశోక్ చౌక్ ఆయన బుట్టలు పట్టుకుని వచ్చాడు. మా ఆయన ఒక్కోదాన్ని పట్టుకుని, రెక్కలు సర్ది అందిస్తున్నాడు. మొదటి బుట్ట సగం నిండింది. ఆయన ఛాతీలోంచి ఈల లాంటి చప్పుడు నాకు మెట్ల దాకా వినిపిస్తోంది. ఏడ్వడం లేదు, నిదానంగా పని చేస్తున్నాడు. అది చూడలేకపోయాను.

"ఆగు," అన్నాను.

"మాట ఇచ్చిన గదనే."

"ఇచ్చినవ్. నాకొద్దు. బుట్ట ఇడువు."

"మరి డాక్టరు?"

"గూట్లకు నువ్వు పోవద్దు. ఊడ్సేది నేను, మేత ఏసేది నేను. పొగాకు పొడి పీల్సిన ముక్కు నాది, దీనికేం గాదు. నువ్వు గాలొచ్చే దిక్కు కూసోని చెప్పు, చాలు."

అశోక్ చౌక్ ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, బుట్టలోవాటిని తిరిగి గూట్లో వదిలి, ఖాళీ బుట్టలతో గొణుక్కుంటూ దిగిపోయాడు.

మూతికి టవల్ కట్టుకుని, చీపురు పట్టుకుని, మోకాళ్ల మీద గూట్లోకి దూరాను. పావురాలు నన్ను చూసి బెదిరి మూలలకు తోసుకుపోయాయి. లేచిన పొడి టవల్ దాటి గొంతులోకి దిగింది. ఇన్నేళ్లు ఈ మనిషి మింగింది ఇదా అనుకున్నాను. నాకు భయం పోలేదు, ఇప్పటికీ పోలేదు.

"మెల్లగ ఊడ్వే, బెదురుతయి," అన్నాడు బయట నుంచి. "ఆ మూలకు కాదు, ముందు ఈ పక్క. గట్ల గాదు..."

"ముందు నువ్వు నోరు మూసుకొని ఊపిరి పీల్సుకో," అన్నాను.

పీల్చుకున్నాడు. గూట్లో ఉన్న నాకు ఆ చప్పుడు వినిపించింది. అది వినిపిస్తున్నంతసేపూ ఊడ్చాను.