తాత రివాల్వరు, రెండు బాణాలు

ఆ రోజుల్లో కాలేజీలో రెండేళ్ళు చదివిన ఆడపిల్లకు లోకంలో తెలియని విషయం ఉండేది కాదు. మూడో ఏడు వచ్చేసరికి కొంచెం అనుమానం మొదలవుతుందట గానీ నేనింకా రెండో ఏట్లోనే ఉన్నాను. సెలవులకు తిరుత్తణిలో మా అమ్మ వాళ్ళ నాన్న ఇంటికి వెళితే ఆయుధపూజ పీట మీద కత్తిపీట, కొడవళ్ళు, నా ఫౌంటెన్ పెన్ను, వాటి నడుమ పెళ్ళికొడుకులా తాత రివాల్వరు. మొదటి యుద్ధంలో బస్రాలో మిలిటరీ స్టోరు గుమాస్తాగా ఉన్నప్పుడు, ప్రాణం కాపాడినందుకు ఒక కెప్టెన్ దొర ఇచ్చిన బహుమానమది. (కాపాడింది పాము నుంచా, శత్రువు నుంచా అన్నది వినేవాళ్ళను బట్టి మారేది.) పిడికి పైన ఇనుములో చిన్న బాణం గుర్తు ఉండేది. అవ్వకు అది కొండమీది స్వామి చేతి ఈటె, వేలాయుధం. అందుకని ఏటా దాని మొన దగ్గరే గంధం, కుంకుమ దట్టంగా పెట్టేది.

ఆ ఏడు ఆర్.కె.పేట మిల్లు యజమాని ఒకాయన దాన్ని కొంటానన్నాడు. తాతకు అమ్మే ఉద్దేశం లేదు, తన గొప్పకు వెల ఎంతో పదిమందిలో వినాలని మాత్రం ఉంది. తిరువళ్ళూరు నుంచి తుపాకుల మేస్త్రీని పిలిపించాడు. అరుగు నిండా జనం. మేస్త్రీ నోరు తెరవక ముందే నేను తెరిచాను.

"బాణం సర్కారు గుర్తు తాతా. సర్కారు సొత్తును దొర బహుమానంగా ఎట్లా ఇస్తాడు?"

"అంటే మా నాయన దొంగిలించినాడంటావా?" అన్నాడు మామ.

"నేననలేదు. గుర్తంటోంది."

"ఈ పిల్లను మదరాసుకు చదువుకు పంపింది ఇందుకేనా," అంది అవ్వ. మిల్లాయన తాత వైపు అదోలా చూశాడు. తాత తల దించుకున్నాడు. ఆయన నాతో వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. నాకు మొదటిసారి భయమేసింది.

మేస్త్రీ తొందరపడలేదు. రివాల్వరును మధ్యకు మడిచి ఆరు గుళ్ళ గదులూ ఖాళీయేనని చూశాడు, గొట్టం లోపలికి తొంగిచూశాడు, కిరసనాయిలు గుడ్డతో ఏళ్ళనాటి కుంకుమ తుడిచాడు. దాని కింద రెండో బాణం బయటపడింది, మొదటి దానికి ఎదురుగా, మొనకు మొన తగిలి.

"చూడు పాపా, ఇట్లా రెండుంటే సర్కారే అమ్మేసినట్టు. దొంగసొత్తు గాదు సామీ, ఏలం సరుకు. పాత మిలిటరీ మోడలు, లోపల తుప్పు. ఇరవై రూపాయలు వస్తాది."

"ఇరవయ్యా? నేను ఏలంలో యాభైకి పాడినా గదరా," అన్నాడు తాత. అని, ఆగిపోయాడు.

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే కండువాలు దులుపుకుని లేచారు. నా మూలంగా తాత దొంగతనం నుంచి బయటపడ్డాడు, దొర కథ నుంచి కూడా. (దొంగతనం అంటగట్టిందీ నేనేననుకోండి.)

సాయంత్రం పక్కన కూర్చుని, ఎందుకు కొన్నావని అడిగాను.

"యుద్ధానికి పోయి మూడేండ్లు గోనెలు లెక్కబెట్టినానని ఊర్లో యాడ చెప్పేదమ్మా?"

లైసెన్సు గొడవలకు జంకి తరువాత దాన్ని స్టేషనులో అప్పగించేశారు. నేను ఇప్పటికీ కూరగాయలవాడితో, రైల్లో టికెట్ కలెక్టరుతో, మా ఆయనతో వాదిస్తూనే ఉన్నాను. మా పిల్లలు మా తాత కథ చెప్పమంటే మాత్రం కెప్టెన్ దొర కథే చెబుతాను. పామా, శత్రువా అంటే, వాళ్ళ ముఖాలు చూసి ఆ పూటకు ఏది నప్పితే అది.