పిండినల్లి మీద పగ

నాకు మనుషుల మీద కోపం వస్తే పూటలో పోతుంది. పురుగు మీద వచ్చిన కోపం మాత్రం రెండు పంటల దాకా పోలేదు. తొంభైల నడుమ కుప్పం దగ్గర మా అత్తగారి ఊళ్లో అర ఎకరం నల్లద్రాక్ష పందిరి ఉండేది. నేనూ మా ఆయనా పట్టుబట్టి వేయించుకున్న తోట అది. భూమి ఉమ్మడిది, పెత్తనం మా బావది, అంటే మా ఆయన అన్నగారిది. బావకు మొదటినుంచీ టమోటా మీదే మనసు. మదనపల్లె మార్కెట్టుకు లారీ ఎక్కించేస్తే పనైపోతుంది, ఈ తీగలకు ఊడిగం ఎవరు చేస్తారని ఆయన వాదన.

మొదటి పంటకే పిండినల్లి పట్టింది. ఎవరో గుత్తుల మధ్య బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది, ఆ తెలుపు కిందే పురుగు. రసం పీల్చి పండ్ల మీద జిగురు వదులుతుంది. జిగురుకు చీమలు వస్తాయి, తర్వాత మసి పడుతుంది. అంగట్లో దొరికిన మందులన్నీ కొట్టాం. అది బెరడు కింద దాక్కుని మళ్లీ వచ్చింది. చివరికి ఉన్నవాటిలో మంచివి ఏరి పుంగనూరుకు తీసుకుపోయాం. అది నా పుట్టినూరు. పండ్ల వ్యాపారి మా వీధివాడే. బుట్ట మీది ఆకు తీసి, ఒక గుత్తి పైకెత్తి, నలుగురికీ చూపించాడు.

“ఏమ్మా, ద్రాక్షకి సున్నం కొట్టుకొచ్చినారా? ఇంటికి కొట్టంగా మిగిలిపోయిండాదా?”

అంగడి ముందు నిలబడినవాళ్లంతా నేను పావడా కట్టుకున్నప్పటినుంచీ నన్ను ఎరిగినవాళ్లు. అందరూ నవ్వారు. బుట్టలను మళ్లీ బస్సు పైకి ఎక్కించుకుని వచ్చేశాం.  దారిలోనే నేను ఆ పురుగు జాతినే లేకుండా చేయాలని ఒట్టు పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే బావ తీర్పు చెప్పేశాడు.

“ఇంకొక్క పంట సూస్తాను. మళ్లా ఇట్లనే అయితే పందిరి పీకేసి టమోటా ఏస్తాం. అప్పుడు ఏడ్సొద్దు.”

కత్తిరింపులయ్యాక తీగల బెరడు చేత్తో ఒలిచాను. ఒలిచినచోటల్లా నల్లులు గుంపులుగా కనిపించేవి. బొటనవేలితో నలిపితే గులాబీరంగు రసం వచ్చేది. సాయంత్రానికి గోళ్లన్నీ అదే రంగు. సబ్బుతో రుద్దినా పోయేది కాదు, పోవాలని నేనూ అంత గట్టిగా రుద్దలేదు. ఆ రంగు చూసుకుంటూ తింటే అన్నం రుచిగా ఉండేది. ఇది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది కానీ అప్పుడు వేయలేదు.

కాయలు బఠాణీ గింజంత అయ్యేసరికి మిగిలిన నల్లులు మళ్లీ పైకి వచ్చాయి. మా ఆయన రైలెక్కి బెంగళూరు పోయాడు. అక్కడ ఈ నల్లిని తినే పురుగులను పెంచి ఇచ్చే చోటు ఉందని విని, ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో అక్షింతల పురుగులు. నల్లటి ఒళ్లు, ఎర్రటి తల, మిరియపు గింజంత కూడా లేవు. కుప్పం దాకా పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. పక్క సీటాయన మిఠాయి అనుకుని వాసన కూడా చూశాడట. పొద్దు వాలాక పురుగులను తీగల మీద వదిలాం. చీమలు ఎక్కకుండా మొదళ్లకు గ్రీజు పూశాం.

“ఇంక మందు కొట్టొద్దు. అంతా ఇవే సూసుకుంటాయి,” అని చెప్పి మా ఆయన పనికి పోయాడు. గ్రానైట్ లారీ నడిపేవాడు, పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు.

మూడో వారంలో గుత్తుల మధ్య కొత్తవి కనిపించాయి. తెల్లగానే ఉన్నాయి, కానీ మామూలు నల్లికి రెండింతలు, మూడింతలు. ఒంటి నిండా పొడుగాటి తెల్లటి పీచు. నల్లి గుంపుల నట్టనడుమ తిష్ఠ వేసుకుని ఉన్నాయి. పిల్లల్ని కని తోట మీదికి తోలుతున్న తల్లులు ఇవేనన్నమాట అనుకున్నాను. ఒకదాన్ని నలిపాను. గులాబీరంగు రాలేదు, పసుపచ్చగా కారింది. మా తోట మేసి బాగా బలిసిందనుకున్నాను.

రేకు డబ్బాలో కిరసనాయిలు పోసుకుని, పుల్లతో ఒక్కొక్కదాన్నే ఏరి అందులో వేశాను. ఇది సున్నం మాటకు, ఇది నవ్వినవాళ్లకు, ఇది వెనక్కి మోసుకొచ్చిన బుట్టలకు. మూడు రోజులు అదే పని. నడుము పట్టేసింది, మెడ తిరగలేదు. అంత తృప్తి నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు.

మూడో రోజు బావ వచ్చాడు. పందిరి కింద నిలబడి డబ్బాలోకి చూశాడు.

“యాలమ్మా వీటిని సంపుతాండావు?”

“సంపక సాకమంటారా బావా?”

“అది కాదు. పిండినల్లి ఇంత బిరబిరా పాకదు. ఇవి సూడు, ఎట్ల పాకతాండాయో. ఇవి వేరే ఏందో. వాడు వచ్చిందాకా ఆగు.”

ఆగమనడంతోనే నాకు ఆయన ఎత్తంతా అర్థమైపోయిందనుకున్నాను. నేను చేతులు ముడుచుకుని కూర్చుంటే నల్లి తోటంతా ఎక్కాలి, పందిరి పీకాలి.

“మీకు టమోటా కావాలంటే నేరుగా అడగండి బావా,” అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. గట్టు దాటేదాకా చూసి, ఆయన ఆగమన్నందుకే ఇంకో రెండు వరసలు ఏరేశాను.

మా ఆయన ఇంటికి వచ్చి తోటంతా తిరిగాడు. అక్షింతల పురుగు ఒక్కటీ కనబడలేదు. నా కన్ను తప్పించుకున్న తెల్లటిది ఒకటి దొరికితే, అగ్గిపెట్టెలో ఆకు వేసి, దాన్ని పెట్టుకుని బెంగళూరు పోయాడు. తిరిగి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మెట్టు మీద కూలబడ్డాడు.

“అవి అక్షింతల పురుగు పిల్లలంట. పిల్లగా ఉండేటప్పుడు నల్లి మాదిరే తెల్లగా ఉంటాయంట. పెద్దవాటికంటే అవే ఎక్కువ తింటాయంట.” చెప్పులు విప్పుతూ అడిగాడు. “ఎన్ని సంపినావు?”

“అన్నీ,” అన్నాను.

మళ్లీ పురుగులు తెచ్చి వదిలేందుకు కాలం మించిపోయింది. గుత్తులు పండకముందే మసిబారాయి. జరిగిందంతా మా ఆయన అప్పటికే బావకు చెప్పేశాడు. మాట ప్రకారం పందిరి తీసేశారు. పందిరి మోస్తున్న మొదటి రాతికూసం దగ్గర గడ్డపార వేసింది బావే. నేను గట్టు మీద నిలబడి, ఆయన ‘ఆ పొద్దే చెప్పినా కదా’ అంటాడని ఎదురుచూశాను. అంటే ఏమనాలో నా దగ్గర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. దారిన పోయేవాళ్లు ఆగి, ఏమైందని అడిగారు.

“ఆ బెంగళూరు పురుగులు మన ఎండకి తాళలేదప్పా,” అన్నాడు బావ. “మా మరదలు శానా కష్టపడింది.”

మా ఆయన తల దించుకుని తీగ చుట్టుకుంటున్నాడు. ఊరంతా ఆ మాటే నమ్మింది. పుంగనూరు వ్యాపారి మీద నా పగ ఎప్పుడో చల్లారింది, పిండినల్లి మీద కూడా. బావ మీద మాత్రం అప్పుడు మొదలైంది. ఒక్క మాట అనుంటే నేను రెండు అని, ఏడ్చి, తేలికపడేదాన్ని. అనకుండా నన్ను కాపాడి, ఇక ఆయన ముందు తలెత్తకుండా చేసేశాడు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక రోజు అదే నేలలో ఇద్దరం టమోటాలు కోస్తున్నాం. ఉండబట్టలేక అడిగాను.

“అప్పుడు నన్ను నాలుగు తిట్టుండొచ్చు కదా బావా?”

“తిడితే తీగలు లేస్తాయామ్మా? ఆ గంప ఇట్లియ్యి.”

గంప ఇచ్చాను. ఆయన్ను ఆ రోజూ క్షమించలేదు, ఇప్పటికీ క్షమించలేదు.