కుక్కొస్తే ఉరకొద్దు

మా ఆయన పోయాక బర్రెలను అమ్మేశాను. పాల కోసం వచ్చేవాళ్ళూ రావడం మానేశారు. హుస్సేనీ ఆలంలోని మా గల్లీలో పొద్దంతా అరుగు మీద కూర్చున్నా, నాతో ఎవరికీ పని లేకుండా పోయింది. కొన్ని రోజులైతే సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

వెనక వాటాలో ఒక తల్లీ, ఏడేళ్ళ కూతురూ అద్దెకుండేవారు. తల్లి గాజుల కార్ఖానాలో పనిచేసేది. ఒకరోజు ఆ పిల్ల బడి నుంచి వస్తూ, మూసి ఉన్న దుకాణం మెట్ల కింద ఈనిన కుక్క దగ్గరికి వెళ్ళి, కూనను ఎత్తుకోబోయింది. నేను అరిచేలోపే తల్లికుక్క పిల్ల పిక్క పట్టేసింది.

పక్కింటామె గాయానికి పెడదామని కారం పొడి తెచ్చింది. "కారం వద్దు, సబ్బు తే" అన్నాను. నల్లా కింద గాయాన్ని పావుగంట కడిగి, ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళి సూది వేయించాను. కబురు విని తల్లి అక్కడికే పరుగెత్తుకొచ్చింది. "అక్కా, నువ్వు లేకుంటే నా బిడ్డ గతి ఏంగావాలె" అంటూ నా చేతులు పట్టుకుంది. నాకు సిగ్గేసింది. ఆ కుక్క ఈనిందని నాకు ముందే తెలుసు. పిల్లలకు ఒక్క మాట చెప్పలేదు.

ఆ తర్వాత గల్లీ పిల్లలందరికీ భయం పట్టుకుంది. కుక్క కనబడితే చాలు ఉరికేవారు. ఉరికితే అవి వెంటబడేవి. ఒక సాయంత్రం అందరినీ అరుగు దగ్గరికి పిలిచాను.

"కుక్కొస్తే ఉరకొద్దు. చేతులు కిందికి పెట్టి కదలకుండ నిలబడాలె. దాని కండ్లలకు చూడొద్దు. కింద పడితే ముడుచుకొని, చేతులతోని మెడ, చెవులు కప్పుకోవాలె."

"తింటుంటె పోవచ్చా పెద్దమ్మా?" అని అడిగింది మా వెనక వాటా పిల్ల.

"తింటున్నప్పుడు పోవద్దు, పండుకున్నప్పుడు పోవద్దు. కూనలుంటే అసలే పోవద్దు."

మాటలతో వాళ్ళకు ఎక్కలేదు. అందుకని నేనే కుక్కనయ్యాను. మోకాళ్ళ నొప్పితోనే వంగి, మొరుగుతూ మీదికి వెళ్ళాను. కదిలినవాళ్ళు ఓడినట్టు. వాళ్ళు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. అలా రోజూ ఆడాం.

నెల తిరక్కముందే మా పిల్ల పెరుగు ప్యాకెట్ పట్టుకుని రొప్పుతూ వచ్చింది. "పెద్దమ్మా, మూడు కుక్కలు మీదికొచ్చినయ్. నేను కదల్లె. వాసన చూసి పోయినయ్!" గబుక్కున దగ్గరికి తీసుకున్నాను. దాని గుండె ఇంకా దడదడ కొట్టుకుంటూనే ఉంది.

సూదులన్నీ పూర్తయ్యాక వాళ్ళు ఫలక్‌నుమాకు మారిపోయారు. తల్లికి అక్కడే పని దొరికింది. సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. మిగతా పిల్లలు ఇంకో వారం వచ్చారు. ఆ తర్వాత పరీక్షలు, ట్యూషన్లు. వాళ్ళకు కావలసింది నేర్చుకున్నారు, రావలసిన పనేముంది?

పోయిన వారం వెనక వాటాలోకి కొత్తవాళ్ళు దిగారు. వాళ్ళ బాబుకు మూడేళ్ళుంటాయేమో. ఆ తల్లిని ఆపి, "అమ్మా, ఈడ కుక్కలెక్కువ. బాబును ఒక్కన్ని ఇడిచిపెట్టకు. జర పెద్దగైనంక నేను నేర్పిస్త" అన్నాను.

"సరే ఆంటీ" అని, బాబును చంకనేసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నేను బియ్యం కడగడానికి వెళ్ళాను.