గేరుకి కట్టిన పసుపు కొమ్ము

ఆ రోజుల్లో మా వేలూరులో మనిషి బాగుపడ్డాడని తెలియడానికి ఒక వరుస ఉండేది. ముందు మిద్దె మీద మిద్దె, తర్వాత ఫోను, ఆ తర్వాత రంగుల టీవీ. విదేశీ సరుకుకి దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాసిన కొన్నేళ్లకు, మా మామ ఆ వరుసనంతా దాటేసి ఏకంగా పందెం కారు కొన్నాడు. (బెంగళూరులో ఎవరో వాడి వదిలేసింది. కొత్తదని ఆయన జీవితాంతం చెప్పుకున్నాడు కాబట్టి ఈ వివరం ఇక్కడ రాసిపెడుతున్నాను.) మామ అంటే మా అమ్మకు తమ్ముడు, ఇళ్లు కట్టే మేస్త్రీ. నేను ఆయన ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని. అప్పటికి నాకు ముప్పై నిండలేదు, కానీ ఎదుటివాళ్ల తప్పులు పట్టడంలో ఇప్పటికంటే చురుకు.

ఆ కారుకి రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. మామది బాగా సాగిన పొట్ట. ముందు కూర్చుని, తర్వాత కాళ్లు ఒక్కొక్కటిగా చేత్తో ఎత్తి లోపల పెట్టుకునేవాడు. మా వీధి స్పీడు బ్రేకరు దాటాలంటే ఇద్దరు కూలీలు సెంట్రింగు పలకలు తెచ్చి పరవాలి. అయినా ఆయన గర్వమంతా ఒక్కదాని మీదే. "గేర్ రాడ్డే లేదు పాపా. స్టీరింగు ఎనకాల రెండు రేకులుండాయి సూడు. కుడిది లాగితే గేరు ఎక్కుతాది, ఎడమది లాగితే దిగుతాది. విమానం మాదిరి." (ఆయన విమానం ఎక్కి ఎరుగడు.)

గుడియాత్తంలో లుంగీలు నేయించే ముదలాళి (షావుకారు) ఒకాయన కల్యాణ మండపం కట్టబోతున్నాడు. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తుంది కదా, ఆ లోపల వచ్చి తాంబూలం అందుకుంటే పని నీదేనని మామకు కబురు పెట్టాడు. ఆ ఏడు వానలకు పనులన్నీ ఆగిపోయి మా కూలీలు ఖాళీగా కూర్చున్నారు. "ఈ మండపం రాకుంటే కారు అమ్మాల్సిందే" అని మామే అన్నాడు. అంత పెద్ద పనికి కారులోనే పోవాలని, పోయే ముందు దానికి పూజ చేయించాలని కూడా ఆయనే నిర్ణయించాడు.

మా వాళ్లలో లారీ కొన్నా, కాంక్రీటు కలిపే మిషను కొన్నా, పసుపు కొమ్ము కట్టిన దారాన్ని గేరుకే కడతారు. పూజారి కారులోకి తల దూర్చి వెతికాడు.

"గేరు యాడప్పా?"

"ఈ రేకుల్లోనే ఉండాది సామీ" అన్నాడు మామ, ఛాతీ విరిచి.

పూజారి కుడి రేకుకి గట్టిగా కట్టేశాడు. "పని చేతికొచ్చేదాకా దాన్ని తాకొద్దు నాయనా" అని మామ తల్లి, మా అవ్వ, గడప మీద నుంచి చెప్పింది.

తొమ్మిదికి బయలుదేరాం. కాట్పాడి దాటాక రోడ్డు ఖాళీ. మామ రేకు లాగాడు. ఏమీ జరగలేదు. కొమ్ము రేకుకీ స్టీరింగు చక్రానికీ మధ్య ఇరుక్కుని ఉంది. రేకు కదిలితేగా. కారు ఒకటో గేరులోనే ఉండిపోయి, పిండి మిషనులా అరుస్తూ ఎద్దుబండి కంటే కొంచెం ముందు నడిచింది.

"మామా, ఆ కొమ్ము తీస్తే పోతాది."

"అమ్మ తాకొద్దనిందే. నువ్వు లెక్కలు సూడు, కారు నేను సూస్తా."

"లెక్క ప్రకారం పదిన్నరకు మనం ఇంకా కే.వి.కుప్పంలోనే ఉంటాము."

ఇంజను వేడెక్కిందని రెండు చోట్ల ఆగాం. కే.వి.కుప్పం దగ్గర టౌను బస్సు మమ్మల్ని దాటుతూ నిదానించింది. కండక్టరు తల బయటపెట్టి, "ఎన్నణ్ణే, తళ్ళణుమా?" అన్నాడు (అరవంలో, తొయ్యాలా అని). బస్సంతా నవ్వింది. మామ నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

ముదలాళి వాకిట్లో దిగేసరికి పన్నెండు కావస్తోంది. అరుగు మీద ఒడుగత్తూరు నుంచి వచ్చిన మరో మేస్త్రీ, అప్పటికే అందుకున్న తాంబూలం నములుతున్నాడు. ఆయన మోపెడ్డు చెట్టు కింద ఉంది. ముదలాళి మా కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"నీ కారు అరుపు ఊరి బయట నించే ఇనపడిందప్పా. ఇంకొంచేపటికి వస్తాడు, ఇంకొంచేపటికి వస్తాడని సూస్తానే ఉండాను. ఇంత సద్దు చేసి ఇంత నిదానంగా వచ్చినావే, నా మండపం ఏ కాలానికి లేపుతావు?"

చివరికి జాలిపడి ప్రహరీ గోడ పని ఇచ్చాడు. దానికి తొందరేం లేదన్నాడు. మామ ఆ మాట ముగిసే లోపే కారు దగ్గరికి పోయి కొమ్ము విప్పి జేబులో వేసుకున్నాడు. పని చేతికొచ్చింది కదా, అవ్వ మాట తప్పలేదు. తిరుగు దారిలో కారు నిజంగానే విమానంలా వచ్చింది. ఆ నెలలోనే దాన్ని అమ్మేశాడు. స్పీడు బ్రేకరు మీద పరిచే పలకలు మాత్రం గోడ పనికి పోయాయి.

మామ ఇప్పుడు లేడు. కిందటేడు నేను ఒక చిన్న ఆటోమేటిక్ కారు కొన్నాను. తీరా చూస్తే దాని స్టీరింగు వెనక కూడా అవే రెండు రేకులు. పూజ రోజు కుర్ర పూజారి దారం పట్టుకుని, "గేరు యాడమ్మా?" అన్నాడు. అద్దానికి కట్టమని గట్టిగా చెప్పాను. కట్టించాను కూడా. అందరూ దిగి లోపలికి పోయాక నేనొక్కదాన్నే కూర్చుని, కుడి రేకుని ఒకసారి లాగి చూసుకున్నాను. అది తేలిగ్గా కదిలింది. ఎందుకో నాకు అంత సంతోషం కలగలేదు. అద్దానికున్న కొమ్ము విప్పి తెచ్చి రేకుకే కట్టాను. ఈ వయసులో నాకు ఒకటో గేరు చాలు, పదిన్నర లోపల చేరాల్సిన చోటూ ఏదీ లేదు.