చెరిగిన భాగం

కంప్యూటర్లు బాగుచేసే ఆయన ఎవరినీ కూర్చోమనడు. తలెత్తకుండానే "ఏం చెడగొట్టుకొచ్చారు?" అంటాడు. ఆరోజు ఒక టీచరమ్మ తన లాప్‌టాప్ తెచ్చి, విండోస్ పక్కనే లైనక్స్ అనే ఇంకో సిస్టమ్ కూడా పెట్టమంది. "ఒక ఒరలో రెండు కత్తులా?" అని విసుక్కుంటూ డిస్కును భాగాలుగా విడగొట్టబోయి, ఖాళీదనుకుని ఆమె పాఠాలున్న భాగాన్నే చెరిపేశాడు. "ముందే ఎవరో కెలికారు దీన్ని!" అని ఆమె మీద విరుచుకుపడ్డాడు. పదేళ్ల పాఠాలు పోయాయని ఆమె అక్కడే ఫోన్ తీసి మొగుణ్ణి చెడామడా తిట్టింది. "నేను ముట్టుకోలేదే మహాతల్లీ!" అన్న మాట ఇతనికీ వినిపించింది. పోయింది డిస్కులోని హద్దు మాత్రమేననీ, పాఠాలు లోపలే ఉన్నాయనీ అతనికి తెలుసు. ఆ సంగతి ఆమెకు చెప్పకుండా గంటసేపు వెతికి, ఆ భాగాన్ని తిరిగి నిలబెట్టాడు. "మీ మేలు మరచిపోనండీ" అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది. "మీ ఆయన్ని ఇంకోసారి దీని జోలికి రానివ్వకండి" అన్నాడు.